జొనీల్ చెట్టుతో చేసిన గిటారు

యూస్టస్ పినాక్ ఎడమ భుజం కుడిదానికంటే బాగా కిందికి ఉంటుంది. మా ఊరు బ్లాక్ రివర్‌లో ఎవరి పెళ్లిలో వాయించినా జనం ముందు ఆ భుజాన్నే చూసేవారు, తర్వాతే పాట వినేవారు. ఇరవై ఏళ్లు అతని పక్కన డ్రమ్ములు కొట్టినవాణ్ణి, నాకు తెలియదా? అంత బరువైన బేస్ గిటారు మా దీవిలో ఇంకోటి ఉండదు.

అది చింతచేవతో చేసింది. మా దగ్గర బిడ్డ పుడితే బొడ్డుతాడు పాతిపెట్టి, దానిమీద ఒక మొక్క నాటుతాం. ఇక ఆ చెట్టు ఆ బిడ్డది. యూస్టస్ కూతురు జొనీల్‌కు చింతమొక్క నాటారు. పిల్ల పదకొండో ఏట జ్వరంతో పోయింది. చెట్టు మాత్రం పెరుగుతూనే ఉంది. ఈపాటికి ఇంత మనిషయ్యేది అంటూ యూస్టస్ ఆ మానును చేతులతో చుట్టి చూసుకునేవాడు. గాలివానకు చెట్టు కూలిన ఏడు, వడ్రంగి లిన్‌వల్ చేత దాంతోనే గిటారు చేయించుకున్నాడు.

నిజం చెప్పాలి, అది బాగా మోగేది. మీటిన స్వరం నా తర్వాతి దెబ్బ దాకా నిలిచేది. అందరూ బరువు మహిమే అనేవారు. నాకు ఒళ్లు మండేది. మంచి తీగలు, మంచి వేళ్లు ఉంటే తేలిక కర్రయినా మోగుతుందనీ, తేడా ఉన్నా చెవి పెట్టి వెతుక్కోవాలనీ చేసిన లిన్‌వలే అన్నాడు. యూస్టస్ వింటేనా! పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వెడల్పాటి పట్టీ కొనిచ్చాం, కూర్చుని వాయించమన్నాం. బేస్ వాయించేవాడు కూర్చుంటే ఆడేవాళ్లూ కూర్చుంటారన్నాడు.

పోయిన ఏడు ఎడమచేతి చివరి రెండు వేళ్లు మొద్దుబారాయి. భుజంలో నరం నలుగుతోందనీ, ఇలాగే మోస్తే చెయ్యే పడిపోతుందనీ డాక్టరమ్మ చెప్పింది. వెనకవైపు చెక్క తొలిచి పల్చటి పలకతో మూసేస్తే చాలా తేలికవుతుందని లిన్‌వల్ ఉలి పట్టుకుని వాళ్ల వాకిట్లోకి వచ్చాడు. యూస్టస్ గిటారును ఒళ్లో పెట్టుకుని కదల్లేదు.

"నా బిడ్డ మీద ఉలి పెడతావుట్రా?" అన్నాడు.

లిన్‌వల్ తల దించుకున్నాడు. చేపలు వేపుతున్న వెరోనా, యూస్టస్ భార్య, పొయ్యి ఆర్పి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్లలో ఆవిడ కూతురి మాటెత్తగా నేను వినలేదు.

"నేనూ తొమ్మిది నెలలు మోశానయ్యా దాన్ని. దించాకే కదా దాని మొహం చూశాం," అంది. "ఇప్పుడు నీ చెయ్యి కూడా పోతే ఈ ఇంట్లో ఇక ఏ చప్పుడూ ఉండదు. నాకు భయంగా ఉంది."

 యూస్టస్ పట్టీ తనే విప్పి గిటారు లిన్‌వల్‌కు ఇచ్చాడు.

లిన్‌వల్ తొలుస్తున్నంతసేపూ వెరోనా ఆ ముక్కలూ పొట్టూ ఒక్కటీ పోనీకుండా ఏరి గుడ్డలో పోసుకుంది. బొడ్డుతాడు పాతిన చోటే మొగుడూ పెళ్లాం వాటిని పూడ్చారు. ఆ పిల్లను రెండోసారి మట్టిలో పెట్టినట్టయింది. చూడలేక నేను పక్కకు తిరిగాను.

ఆదివారం చర్చిలో వాయించాడు. స్వరం కాస్త ముందే ఆగినట్టు నాకనిపించింది. నీ చెవి భ్రమ అంటాడు లిన్‌వల్. జనంలో ఎవరికీ ఏమీ తెలియలేదు. మొద్దుబారిన వేళ్లకు స్పర్శ తిరిగిరాలేదు గానీ, మిగిలిన వేళ్లతోనే నెట్టుకొచ్చాడు. అయ్యాక, భుజం ఎలా ఉందని అడిగాను.

"తేలిగ్గా ఉందిరా," అన్నాడు. "దాన్ని ఎక్కడో మర్చిపోయి వచ్చినట్టుంది."

ఇంటిదాకా గిటారు నేనే మోశాను. మునుపటి బరువు లేదు. నా ముందు నడుస్తున్న యూస్టస్ ఎడమ భుజం మాత్రం, దానిమీద ఏమీ లేకపోయినా, అలాగే కిందికి వంగి ఉంది.