ఆయన ఇప్పుడు లేరు, రేపు చెయ్యండి

మా అక్కని వీధిలో ఎవరూ అసలు పేరుతో పిలవరు. రేపొస్తుందక్క అంటారు. బస్టాండు వెనక సందులో దారాలు, గుండీలు, జిప్పులు, లేసులు అమ్మే చిన్న కొట్టు ఆమెది. నిలబడితే ఇద్దరు, కూర్చుంటే ఒక్కరు పడతారు. ముప్పై నాలుగేళ్ళుగా ఎవరు ఏ రంగు దారం అడిగినా ఆమె నోట "లేదు" అన్న మాట రాలేదు. ఉంటే ఇస్తుంది. లేకపోతే "రేపొస్తుంది" అంటుంది. ఒకసారి ఒక టైలరు విసిగిపోయి, "అక్కా, నీ రేపు కేలండర్లో ఏ నెలలో పడుతుంది?" అని అడిగాడు. "కూర్చో నాయనా, రేపు చెప్తా" అంది.

"లేదనే నోటికి బేరం రాదే" అని నాకూ హితబోధ చేసేది. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. నాకు రెండు రెళ్ళు నాలుగు. ఉన్నది ఉంది, లేనిది లేదు. మేమిద్దరం ఒక్క కడుపున ఎలా పుట్టామో మా అమ్మకే తెలియాలి.

నాలుగు నెలల కిందట మా బావగారు నిద్రలోనే పోయారు. రాత్రి కొట్టు తాళంచెవి మేకుకి తగిలించి పడుకున్న మనిషి పొద్దున లేవలేదు. అక్క పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు వెళ్ళి కొట్టు తెరిచింది.

గోరుచుట్టు మీద రోకలిపోటులా, రెండు నెలలు తిరక్కుండానే ఒక ప్లీడరు గారి నల్లకోటుకి నీలం దారం ఇచ్చింది. ఆ మర్నాడు ఆకుపచ్చ అడిగితే బూడిదరంగు. నేను రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ తప్పదన్నాడు. రంగులు తెలియని మనిషి దారాల కొట్టులో కూర్చుని ఏం చేస్తుంది? ఆ కొట్టు కూడా పోతే ఆమెకి పొద్దున లేవడానికి ఒక కారణమంటూ ఉండదు. నాకు నిజంగా భయం వేసింది.

బావగారి పేరు మీద ఇద్దరికీ కలిపి ఒక హెల్త్ పాలసీ ఉంది. బీరువాలోంచి తీయించి కూర్చుని చదివాను. చదివేకొద్దీ నాకు బీపీ పెరిగింది. మాకు దగ్గర్లో ఉన్న కంటి ఆస్పత్రిని జాబితాలోంచి తీసేశారు. అరవై అయిదు దాటినవాళ్ళు బిల్లులో సగం తామే పెట్టుకోవాలని వెనక పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. శుక్లాలున్నవాళ్ళు చదవకూడదనే అలా వేసి ఉంటారు, దొంగవెధవలు!

వారం రోజులు గళ్ళ కాగితం ముందేసుకుని మూడు కంపెనీల పాలసీలు పోల్చి చూశాను. ఒకటి నచ్చింది. పాత పాలసీ గడువు తీరకముందే దానిలోకి మారితే, ఇంతకాలం గడిపిన ఏళ్ళన్నీ లెక్కలోకి తీసుకుంటారు, ఆపరేషన్ వెంటనే చేయించుకోవచ్చు. ఒక్కరోజు దాటిందా, లెక్క మళ్ళీ ఒకటి దగ్గర మొదలు. కళ్ళకి రెండేళ్ళు ఆగాలి.

"ఆ కొత్త కంపెనీ ఏజెంటు వస్తాడు. బావగారి పేరు తీసేసి నీ ఒక్కదానికే రాయించు" అని అక్కకి ఒకటికి రెండుసార్లు చెప్పాను. అతను వచ్చిన రోజు నేను పన్ను పీకించుకోవడానికి వెళ్ళాను. నేను చేసిన తప్పు అదే.

తర్వాత ఎప్పుడు అడిగినా, "పాలసీ వచ్చిందా?" అంటే "రేపొస్తుందే" అంటుంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆ మాట వింటున్న నేను కూడా నమ్మాను చూడండి, ఎంత తెలివితక్కువదాన్నో!

గడువు ఇంకా మూడు రోజులుందనగా ఇక ఉండబట్టలేక కొట్టుకి వెళ్ళాను. నేను గుమ్మం బయట స్టూలు లాక్కుని కూర్చుంటుండగా ఫోను మోగింది. అక్క చేతిలో ఉన్న గుండీల డబ్బా పక్కన పెట్టి, జుట్టు సవరించుకుని మరీ తీసింది.

"ఆ, చెప్పమ్మా... ఆయనా? ఇప్పుడు లేరమ్మా... ఆ, రేపు చెయ్యి."

"ఎవరు?" అన్నాను.

"ఆ కొత్త కంపెనీ పిల్లే. మీ బావగారితో మాట్లాడాలట. పాలసీలో ఉన్నవాళ్ళు ఇద్దరూ ఫోన్లో అవుననాలట."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇద్దరేమిటే? నీ ఒక్కదానికే రాయించమన్నాను కదా!"

"ఏజెంటు పాత కాగితం చూసి ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు. ఇద్దరికీ కదండీ అన్నాడు. ఊఁ అన్నాను."

"ఊఁ అన్నావా? మనిషి పోయి నాలుగు నెలలైతే ఊఁ అంటావా? ఎన్నాళ్ళ నుంచి చేస్తోంది ఆ పిల్ల?"

"ఇవాల్టికి తొమ్మిది రోజులు."

"తొమ్మిది రోజులా! నీకేమైనా మతి పోయిందా అక్కా? ఇంకో మూడు రోజులు దాటితే నీ కళ్ళు పోతాయి! ఆయన లేరని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా?"

సందంతా వినపడేలా అరిచాను. అక్క నావైపు చూడలేదు.

"మొదటి రోజే చెప్పానే. ఆయన లేరమ్మా అన్నాను. ఆ మాట నేను అనడం అదే మొదలు. ఆ పిల్ల ఏమందో తెలుసా? 'అలాగా ఆంటీ, ఎప్పుడొస్తారు?' అంది."

గుండీల డబ్బాకి మూత పెట్టింది.

"నాలుగు నెలల్లో నన్ను ఎవరైనా ఆ మాట అడిగారా? ఎలా పోయారని అడిగారు. ఎంత వయసని అడిగారు. ఎప్పుడొస్తారని ఎవరడుగుతారే? వినగానే ప్రాణం లేచొచ్చింది. రేపు చెయ్యమ్మా అన్నాను. మర్నాడు మళ్ళీ అడిగింది. రోజూ పదకొండింటికి చేస్తుంది. పది నుంచీ ఫోను చూస్తూ కూర్చుంటున్నా."

స్టూలు మీంచి లేచి ఆమె పక్కన ఇరుక్కుని నిలబడ్డాను. "ఇలా ఇవ్వు అక్కా, నేను చెప్తాలే" అన్నాను.

"వద్దు. నా మొగుడు. నేనే చెప్పాలి."

తనే ఆ నంబరుకి చేసింది. సరిగ్గా వినపడాలని స్పీకరు పెట్టింది.

"అమ్మా, నేను. దారాల కొట్టు ఆంటీని. ఆయన ఎక్కడికీ వెళ్ళలేదమ్మా. చనిపోయారు. నాలుగు నెలలైంది. నీకు రోజూ అబద్ధం చెప్పాను."

ఆ పిల్ల, "అయ్యో ఆంటీ... నేను రోజూ అడిగాను కదా, ఎప్పుడొస్తారని. తెలీదు ఆంటీ, సారీ ఆంటీ" అంది. పాపం, చిన్నపిల్ల.

"నీ తప్పేముందమ్మా. పేరు తీసెయ్యి."

"తీసేస్తాను ఆంటీ. మరణ పత్రం ఫోటో ఒకటి పంపండి చాలు. ఇప్పుడు నేను అడిగేది రికార్డవుతుంది. పాలసీ మీ ఒక్కరికేనా?"

అక్క నా చెయ్యి పట్టుకుంది. "అవును. నా ఒక్కదానికే."

"అయిపోయింది ఆంటీ. ఎల్లుండి లోపల మీ పాలసీ వచ్చేస్తుంది. గడువు దాటదు, నేను దగ్గరుండి చూస్తాను."

నా గుండెల మీంచి బండ దిగింది. ఫోను పెట్టేస్తుందనుకున్నాను. అక్క పెట్టలేదు.

"అమ్మా, ఇంక రేపు చెయ్యవా?"

"చెయ్యను ఆంటీ. మీది అయిపోయింది కదా."

"సరేనమ్మా" అంది అక్క.