మూత వేసిన ట్యాంకరు

తొంభైల్లో నేను పటాన్‌చెరులో ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేశాను. మందుల కంపెనీలు వాడేసిన టోలీన్ అనే ఘాటైన ద్రావకాన్ని శుభ్రం చేసి మళ్లీ అమ్మేవాళ్లం. దాన్ని లారీ ట్యాంకర్లలో నింపడం నా పని. ట్యాంకరు పైకెక్కి, మూత తెరిచి, పక్కనే గొంతుకూర్చునేవాణ్ణి. సరుకు పైకి వస్తున్నకొద్దీ ఆవిరి మొహానికి కొట్టేది. ఆ ఘాటును బట్టి ఇంకెంత పడుతుందో చెప్పేవాణ్ణి. కొలిచే కర్ర దించి చూస్తే రెండు వేళ్ల తేడా కూడా ఉండేది కాదు. డ్రైవర్లు నన్ను ముక్కు సేఠ్ అని పిలిచేవారు. పైకి విసుక్కునేవాణ్ణి గానీ, ఆ పేరంటే నాకు ప్రాణం.

ఆవిరికి కళ్లు మండుతున్నాయని ఫ్యాక్టరీ పక్కన ఇస్నాపూర్‌లో కిరాయికుండేవాళ్లు గొడవ మొదలుపెట్టారు. ఓడరేవులో ఇలాంటి సరుకును ఓడల్లోకి ఎక్కించేటప్పుడు ఆవిరిని పట్టే ఏర్పాటు ఉందని తెలిసి, ఒకరిని చూసి రమ్మని పంపుతామన్నారు మేనేజరు. లోడింగ్ ఇన్‌ఛార్జి పోస్టు కూడా అప్పుడే ఖాళీ అయింది. వెళ్లొచ్చినవాడికే ఇస్తారని అందరం అనుకున్నాం. పదకొండేళ్ల సర్వీసు నాది. కొత్త బ్యాగు కూడా కొనుక్కున్నాను.

పంపింది నాతోపాటు లోడింగ్‌లో ఉండే కర్దనూర్ ఊరి అతన్ని. నాకంటే ఆరేళ్లు చిన్న. పని నేర్పింది నేనే. ఆదివారాలు చర్చిలో తబలా వాయించేవాడు. నాకు కడుపు మండిపోయింది. అతను లేని వారమంతా అన్నం సహించలేదు. సముద్రంలో తుపాను లేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అప్పుడు లేదు.

తిరిగొచ్చి క్యాంటీన్‌లో కూర్చుని చెప్పాడు. "అన్నా, ఓడంటే మన ఫ్యాక్టరీ అంత ఉంటది. సరుకు లోపటికి పోతాంటే ఆవిరిని ఇంకో పైపుల పట్టి ఒడ్డుకు తోల్తరు. మూత తీసుడే లేదు."

"మూత తియ్యకుంటే నిండిందో లేదో ఎట్ల తెలుస్తది? ఓడనే అడుగుతరా?" అన్నాను.

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. దాంతో నాకు ఇంకా మండింది.

నెల తిరిగేసరికి మాకూ రెండో హోస్ పైపు వచ్చింది. ఒకదాంట్లో టోలీన్ ట్యాంకరులోకి పోతుంటే, ఆవిరి రెండోదాంట్లో మా స్టోరేజీ ట్యాంకుకు తిరిగొస్తుంది. ఎంత నిండిందో మీటరు చెబుతుంది. మొదటిసారి నింపే రోజు మేనేజరు కూడా వచ్చి మా పక్కనే నిలబడ్డారు. జాయింట్లకు సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తే లీకున్నట్టని అతను నేర్చుకొచ్చాడు. నేను బకెట్ పక్కకు నెట్టాను.

"సబ్బు గిబ్బు ఎందుకు? నా ముక్కు లేదా?"

పంపు ఆన్ చేశారు. ఆవిరి హోస్ జాయింటు దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చాను. "ఏం లేదు సార్, మంచిగుంది" అన్నాను. చూస్తే మేనేజరు కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉన్నారు. కింద డ్రైవరు దగ్గుతున్నాడు. కర్దనూర్ అతను ఉరికొచ్చి పంపు ఆపాడు.

"అన్నా, వాసన వస్తలేదా నీకు?" అన్నాడు, నాకొక్కడికే వినబడేలా. తర్వాత మేనేజరు వైపు తిరిగి, "కొత్త రబ్బరు గాస్కెట్ సార్, అన్న చూసినంక గిప్పుడే పక్కకు జరిగింది" అన్నాడు.

పక్కనే కూర్చుని కూడా పప్పు మాడిందని చెప్పవేందని నా భార్య ఏడాదిగా పోరుతూనే ఉంది. పరధ్యానంలో ఉన్నానని బుకాయించేవాణ్ణి. ట్యాంకరు మీద ఇన్నాళ్లూ కళ్ల మంటను బట్టి, పైపు చప్పుడును బట్టి చెబుతూ, ఆ పేరంతా ముక్కుకు కట్టబెట్టానన్నమాట.

చివరికి సర్వీసు చూసి ఇన్‌ఛార్జి పోస్టు నాకే ఇచ్చారు. అతను ఆ గాస్కెట్ మాట అనకపోతే వచ్చేది కాదు. పోస్టు వచ్చిన రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని చారు పోసుకున్నాడు.

"అబ్బ! ఇయ్యాల ఇంగువ మంచిగ పడ్డది గదన్నా."

"అవ్" అన్నాను, తల ఎత్తకుండా. ఆ ఇంగువ వాసన కోసం కుళ్లుకున్నంతగా అతను చూసొచ్చిన ఓడల కోసం కూడా కుళ్లుకోలేదు.