ఉప్పు బస్తా, మొదటి దెబ్బ

మా నాయనమ్మ పేరు కనక. ఆమె గిల్లలాటలో ఉప్పు బస్తా గెలిచిందని మా కొండల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, నాకూ గర్వమే. కానీ చెప్పేవాళ్లలో సగం మంది ఆమె వేలి బలం గురించి చెప్పి అక్కడితో ఆపేస్తారు. అలా విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వేలి బలం ఆ రోజుల్లో చాలామందికి ఉండేది. ఆమె గెలిచింది వేరే. అది వదిలేసి బస్తా గురించి చెబితే ఏం చెప్పినట్టు?

ముందు ఆట గురించి చెప్పాలి. ఇప్పటి పిల్లలకి గిల్ల గింజ చూపిస్తే బొత్తామా అని అడుగుతున్నారు. అడవిలో గిల్లతీగకి చేతికర్రంత పొడవు కాయలు కాస్తాయి. వాటి గింజలు గోధుమరంగులో, నున్నగా, రాయంత గట్టిగా ఉంటాయి. వాటిని మట్టిలో అంచుమీద వరసగా నిలబెడతారు. ఆడే మనిషి ఇవతల గీత దగ్గర ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చుని, రెండో మోకాలిమీద ఒక గింజ పెట్టి, నడిమి వేలితో ఫట్టున కొడుతుంది. వరసలో గింజ పడిందా, మళ్లీ ఆమే కొట్టాలి. తప్పిందా, అవతలామె వంతు. ఎక్కువ పడగొట్టినామె గెలిచినట్టు. చైత్రమాసంలో ఇటికల పండక్కి మగాళ్లు విల్లంబులు పట్టుకుని వేటకి పోతే ఊళ్లో రాజ్యం ఆడవాళ్లదే. పాటలు, దింసా నాట్యం, ఈ గిల్లలాట.

ఇది పందొమ్మిది వందల ఇరవై ఆరో, ఇరవై ఏడో. కొండల మీదికి ఘాటు దారులు వెయ్యడానికి తెల్లదొరలు మా మనుషుల్ని పట్టుకుపోతున్న రోజులు. శృంగవరపుకోట నుంచి పైడయ్య అనే షావుకారు పెరికె ఎద్దుల మీద ఉప్పు తెచ్చి మా అరకు వైపు సంతలో అమ్మేవాడు. చింతపండు, తేనె, పిప్పళ్లు, విస్తళ్లు కుట్టే అడ్డాకు తీసుకుని ఉప్పు ఇచ్చేవాడు. పండగనాడు సంతకి జనం రావాలని ఒక ఎత్తు వేశాడు. గిల్లలాటలో గెలిచిన ఆడమనిషికి ఉప్పు బస్తా ఇస్తానన్నాడు. ఎత్తు బాగుంది, అన్ని ఊళ్లవాళ్లూ వచ్చారు. రాకేం చేస్తారు? వానలు మొదలైతే ఘాటు దారి మూసుకుపోతుంది. ఇంట్లో ఉప్పు లేకపోతే దారి తెరుచుకునేదాకా లేనట్టే.

పద్ధతి మాత్రం పైడయ్యా, సంత ఊరి పెద్ద, నాయుడు మంగరాజూ కూర్చుని పెట్టుకున్నారు. సంతకి జాగా ఇచ్చింది ఆ నాయుడే. మొదటి ఏడు అతని కోడలు రత్న గెలిచింది. న్యాయంగానే గెలిచింది, ఆమె మంచి ఆటగత్తె. ఆ మరుసటేడు నుంచి కొత్త మాట మొదలైంది. నిరుడు గెలిచినామెకి గౌరవం ఇవ్వాలట. అందరూ పొద్దున్నుంచీ ఒకరితో ఒకరు ఆడి, ఓడిపోయినవాళ్లు తప్పుకుంటూ పోతే చివరికి మిగిలినామెతో రత్న ఒక్క ఆట ఆడుతుంది. ఆ ఒక్క ఆటలో మొదటి దెబ్బ కూడా రత్నదే. ఓడినవాళ్లకి చిటికెడు ఉప్పు కూడా ఉండదు. దీనికి గౌరవం అని పేరు పెట్టినవాడి నోట్లో మట్టి పడ!

ఎందుకంటున్నానంటే, గిల్లలాటలో చెయ్యి తిరిగిన మనిషికి మొదటి దెబ్బ దొరికితే వరసంతా ఊడ్చేస్తుంది. అవతలామె చూస్తూ కూర్చోవాలి. నేను చెప్పే పండక్కి ముందటేడు మా నాయనమ్మకి సరిగ్గా అదే జరిగింది. పొద్దున్నుంచీ అందరినీ ఓడించి, వేలు వాచిపోయి, చివరికి రత్న ఎదురుగా వచ్చి కూర్చుంది. రత్న నీడలోంచి లేచొచ్చి, ఆపకుండా కొట్టి, వరసంతా పడగొట్టింది. ఆట అయిపోయిందన్నారు. నాయనమ్మ చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది. ఒక్క దెబ్బ కొట్టకుండా ఓడిపోయిన మనిషిగా ఆమె కొండెక్కి ఇంటికి వచ్చింది.

ఆ వానాకాలం ఘాటులో కొండచరియ విరిగి దారి మరీ తొందరగా మూసుకుపోయింది. మా ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల కొండ ఊళ్లన్నిటిలోనూ చప్పిడి తిండే. మా మేనత్త సోములమ్మ అప్పటికి పాలు మానిన పిల్ల. చోడి అంబలి, అదే రాగి జావ, నోట్లో పెడితే ఉమ్మేసేది. ఆకు డొప్ప చేత్తో తోసేసేది. ఆ పిల్ల ఎముకలు తేలడం నాయనమ్మ రోజూ చూసింది. మళ్లీ చైత్రానికి ఆ బస్తా కొండెక్కాల్సిందే, ఒక్క గింజైనా కొట్టనివ్వని ఆ పద్ధతి పోవాల్సిందే అని మనసులో గట్టిగా అనుకుంది.

అడవిలో అడ్డాకు కోసేటప్పుడు ఊరూరి ఆడవాళ్లూ కలుస్తారు. అక్కడ ఆమె ఒక్కొక్కరితోనూ ఈ మాటే మాట్లాడింది. కొందరు మనకెందుకన్నారు. షావుకారుకి కోపమొస్తే ఉప్పు తేవడం మానేస్తాడని భయపడ్డారు. ఆమె మా పండగ ఆనవాయితీ గుర్తుచేసింది. వేట పండగ రోజుల్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురుబొంగు పట్టుకుంటే ఎంతటి మగవాడైనా ఆగాలి, అడిగింది ఇచ్చి కదలాలి. బొంగు దాటితే వేటకి కీడు. ఎప్పుడూ చిల్లర కానీలే అడుగుతాం, ఈసారి వేరేది అడుగుదామంది నాయనమ్మ.

పండగనాటి ఉదయం పైడయ్య ఎద్దుల బారు సంత ఊరి మొగదలలోకి వచ్చేసరికి దారికి అడ్డంగా పొడుగాటి వెదురుబొంగు ఉంది. దాన్ని పట్టుకుని ఎన్ని ఊళ్ల ఆడవాళ్లో. వెనక మిగతా వర్తకుల ఎద్దులు వచ్చి ఆగిపోయాయి. పైడయ్య నవ్వుతూ మొలలోంచి చిల్లర తీసి విసిరాడు. ఒక్కరూ వంగి ఏరలేదు. అప్పుడతని నవ్వు సగంలో ఆగింది.

"డబ్బులొద్దు బాబూ," అంది నాయనమ్మ. "ఆట పద్ధతి మార్సాలి. నిరుడు గెలిసినామె కూడా పొద్దున్నుంచీ అందరితోపాటే ఆడాల. ఆకరాటలో మొదటి దెబ్బ ఒకలికే రాసిచ్చీకూడదు. ఒక ఆట నీది, ఒక ఆట నాది, అలాగ వంతులేసుకోవాల. ఉప్పు కూడా పడగొట్టిన గింజల్ని బట్టి అందరికీ పంచాల."

పైడయ్య అటూ ఇటూ చూశాడు. బొంగు పట్టుకున్నవాళ్లలో రత్న కనబడింది. సొంత మనిషి దొరికినట్టు మొహం పెట్టి, నీ బస్తా మీదే కదమ్మా వీళ్ల కన్ను, నువ్వెందుకున్నావు ఇక్కడ అని అడిగాడు.

రత్న బొంగు వదల్లేదు. "బస్తా తెచ్చుకుంటన్నాను గానీ, నానెవలితో ఆడి గెలిసాను బాబూ? అవతలామె సెయ్యి కదపకుండా గెలిస్తే అదేటి గెలుపు? మా ఊరి పిల్ల గుంటలే నన్ను ఎక్కిరిత్తన్నారు," అంది. పక్కనే ఆమె మామ మంగరాజు ఉన్నాడు. కోడలు అంత మాట అన్నాక ఆయన కండువా సవరించుకుని ఎద్దుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఎండ ఎక్కుతోంది. వెనక వర్తకులు సణుగుతున్నారు. పండగనాడు బొంగు దాటితే ఆ సంతలో అతని దగ్గర ఎవరూ చిటికెడు ఉప్పు కూడా కొనరని పైడయ్యకి తెలుసు. చివరికి ఒప్పుకున్నాడు, అదీ సగమే. అందరితోపాటు ఆడటం సరే, వంతులు సరే, చివరి ఇద్దరూ మూడాటలు ఆడుకోవచ్చు. ఉప్పు మాత్రం ముక్కలు చెయ్యనన్నాడు. తెచ్చింది ఒక బస్తా, ఇచ్చేది ఒక మనిషికి, ఆ తర్వాత వాళ్లిష్టం. సరేనని నాయనమ్మ బొంగు ఎత్తమంది.

ఆ రోజు ఆట చూసినవాళ్లు బతికున్నంతకాలం చెప్పుకున్నారు. రత్న అందరితోపాటే ఎండలో కూర్చుని ఆడింది. ఆమెకీ వేలు వాచింది. అయినా ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చింది. అబ్బ, ఎంత ఆటగత్తె! నీడలో కూర్చోబెట్టి ఇన్నాళ్లూ ఆమెకే అన్యాయం చేశారనిపించింది జనానికి. ఇటునుంచి నాయనమ్మ వచ్చింది. చివరికి మళ్లీ ఆ ఇద్దరే మిగిలారు.

మొదటి దెబ్బ ఎవరిదో తేల్చడానికి అడ్డాకు ఎగరేశారు. నున్నటి వైపు పైకి పడింది, నాయనమ్మ వంతు. ఆమె వరసంతా ఊడ్చేసింది. రత్న చేతిలో గింజ కదల్లేదు. రెండో ఆట రత్న వంతు. ఆమె కూడా ఊడ్చేసింది. ఇక మూడోది. వంతు ప్రకారం మొదటి దెబ్బ నాయనమ్మది. వేటకి పోని మా ఊరి ముసలివాళ్లూ కుర్రాళ్లూ అప్పుడే డప్పు సవరించుకున్నారు. బస్తా మోసుకెళ్లడానికి కావడి కూడా తెచ్చేశారు. పైడయ్య నాయనమ్మ దగ్గరకొచ్చి, చూశావా, నువ్వడిగిన పద్ధతే నిన్ను గెలిపిస్తోంది, కానివ్వు అన్నాడు.

ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. మోకాలిమీద పెట్టిన గింజ తీసేసింది. ఎదురుగా రత్న, చేతిలో గింజతో, నిరుడు తను కూర్చున్నట్టే కూర్చుని ఉంది.

"ఇదీ సరైంది కాదు," అంది నాయనమ్మ. "రెండు వరసలెట్టండి. ఇద్దరికీ సమానంగా గింజలు. తగిలినా తగలకపోయినా ఒక దెబ్బ నాది, ఒక దెబ్బ రత్నది. ఇద్దరం కొట్టినాకే లెక్క."

మా ఊరి చిట్టెమ్మ పరుగున వచ్చి ఆమె జబ్బ పట్టుకుంది. నీకేటైనా మతి పోయిందా, నీ వంతు నీకొచ్చింది, బేగి కొట్టు, పిల్ల మొహం తలుచుకో అని గొంతు తగ్గించి తిట్టింది.

నాయనమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్ల మొహం ఆమెకి గుర్తు లేకపోవడమా! "నిరుడు నా సేతిలో గింజ ఉండిపోయింది సిట్టెమ్మా. ఇయ్యాల రత్న సేతిలో ఉండిపోతే, నాను పొద్దున్న ఆ బొంగెందుకు పట్టుకున్నట్టు?" అంది. చిట్టెమ్మ చెయ్యి వదిలేసింది.

రెండు వరసలు పెట్టారు, చెరి అయిదు గింజలు. ఒక దెబ్బ అటు, ఒక దెబ్బ ఇటు. ఇద్దరికీ రెండేసి పడ్డాయి. మూడో దెబ్బ నాయనమ్మది తప్పింది. వాచిన వేలు జారింది. రత్న కొట్టింది, పడింది. మా వాళ్లు తలలు పట్టుకున్నారు. డప్పు పట్టుకున్నవాడు దాన్ని నేలమీద పెట్టేశాడు. నాయనమ్మ వేలు నోట్లో పెట్టుకుని తడిపి, మళ్లీ కొట్టింది. పడింది. ఈసారి రత్న గింజ గురికి పక్కనుంచి పోయింది. సమానం. తర్వాతి దెబ్బ ఇద్దరిదీ తగిలింది. చెరొక గింజ మిగిలింది.

నాయనమ్మ కొట్టింది. వరసలో ఉన్న ఆఖరి గింజ ఎగిరి అవతల పడింది. రత్న చాలాసేపు గురి చూసి కొట్టింది. ఆమె గింజ వచ్చి నిలబడ్డ గింజ అంచుని రాసుకుంటూ పోయింది. నిలబడ్డ గింజ ఊగింది. అది అటూ ఇటూ ఊగి, ఊగి, నిలబడిపోయింది.

మా ఊరి డప్పు అప్పుడు మోగిన మోత అవతలి కొండలో వేటగాళ్లకి వినబడిందంటారు. అది కాస్త ఎక్కువ చేసి చెప్పడమే, కానీ నేను కాదనను. ముందుగా లేచింది రత్న. వచ్చి నాయనమ్మ వాచిన వేలిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, సొంత అక్కని పిలిచినట్టు పిలిచింది.

"అప్పా, ఇందాక మొదటి దెబ్బతో ఊడ్సీసి గెలిసుంటే నాను నిన్ను ఒప్పుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఒప్పుకుంటన్నాను," అంది.

పైడయ్య బస్తా తెప్పించి నాయనమ్మ ముందు దింపించాడు. కావడి పట్టుకుని మా వాళ్లు వచ్చారు. ఆమె ఆగమంది. మొలలోంచి కొడవలి తీసి అక్కడే, అందరి ముందే, బస్తా కుట్లు కోసేసింది. పైడయ్య అదేంటి అని అరిచాడు. ఇప్పుడు బస్తా ఎవలిది బాబూ అని అడిగింది ఆమె. నీదేనన్నాడు. అయితే మీ కొలత మానిక ఇలాగియ్యండి అని చెయ్యి చాపింది. ఇచ్చాడు, ఇవ్వక ఏం చేస్తాడు.

పొద్దున్నుంచీ ఆడిన ప్రతి మనిషినీ పిలిచింది. ఎవరు ఎన్ని గింజలు పడగొట్టారో చూసినవాళ్లంతా చెబుతుంటే, దాన్ని బట్టి ఉప్పు కొలిచి వాళ్ల ఒడిలో పోసింది. ఒక్క గింజా పడగొట్టలేని ముసలమ్మ ఒకామె దూరంగా నిలబడితే, బొంగు పట్టుకోవడానికి చెయ్యి వేశావు కదా, నీకూ వాటా ఉంది అని పిలిచి పోసింది. రత్నకి తనతో సమానంగా కొలిచింది. బస్తా అడుగున మిగిలిన తన వాటా మూట కట్టుకుంది.

వేటకి పోయిన మా తాతయ్య సోంబరు, అతని జట్టూ ఆ సాయంత్రం ఉత్త చేతులతో వచ్చారు. అలా వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లడం మా ఆనవాయితీ. ఆ ఏడు చల్లిన పేడనీళ్లు అన్నీ ఇన్నీ కావు. అడవంతా తిరిగి ఒక్క కుందేలైనా తేలేకపోయారు, మేం కూర్చున్నచోటునుంచి ఉప్పు తెచ్చామని నాయనమ్మ ఆయన్ని ఆ ఏడాదంతా ఏడిపించింది.

మరుసటేడు నుంచి పైడయ్య బస్తాని సంతలోనే విప్పి, ఆడినవాళ్లందరికీ పంచడం మొదలుపెట్టాడు. తనకే ఆ ఆలోచన వచ్చినట్టు అందరికీ చెప్పుకునేవాడు. చెప్పుకోనిమ్మనేది నాయనమ్మ. నేనైతే ఊరుకునేదాన్ని కాదు.

ఆ సాయంత్రం మాత్రం ఆడవాళ్లు అడ్డాకు పొట్లాల్లో ఉప్పు కట్టుకుని, పాడుకుంటూ, తలో దారిన తలో కొండ ఎక్కారు. నాయనమ్మ ఇంటికొచ్చి అంబలిలో కాస్త ఉప్పు వేసి సోములమ్మ నోట్లో పెట్టింది. పిల్ల ఉమ్మలేదు. ఇంకా పెట్టమని నోరు తెరిచింది. ఆ వానాకాలం మా కొండల్లో చప్పిడి అంబలి తాగిన ఇల్లు లేదు.