నన్ను లావు చేయడానికి సంఘమంతా పస్తు

కాలేయంలో క్యాన్సర్ గడ్డ తీయించుకోవడానికి చెన్నై వెళ్తే సర్జన్ గారు కత్తి పట్టలేదు. ఎండిపోయిన నా చేతులు చూసి, "ఇలాగే కోస్తే గడ్డతో పాటు మీరూ పోతారు. ఒంట్లో కండ ఉన్నవాళ్లే ఆపరేషన్ తర్వాత త్వరగా లేస్తారు. మూడు వారాలు గుడ్లు, చేపలు తినండి. బరువు పెరిగితేనే కోత" అన్నారు.

దీవిలో ఉన్న మా హాడోకి తిరిగొచ్చి ఆదివారం ఆరాధనలో ఈ మాట చెప్పాను. మా తెలుగు సంఘం ఏ కష్టమొచ్చినా చేసేదే చేసింది. కోత ఖాయమయ్యేదాకా రోజూ ఉపవాస ప్రార్థన ప్రకటించింది. నేను లావెక్కాలని వాళ్లు పస్తుండడం! అందులో ఎవరికీ తేడా కనిపించలేదు. సంఘ పెద్దనైన నాకూ కనిపించలేదు. ముందు వరసలో మోకరించాను.

మధ్యాహ్నం మా ఆవిడ టిఫిన్ క్యారియర్‌తో వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. మూత తీసింది. సుర్మయి చేప వేపుడు.

"ఇక్కడా? వీళ్లంతా నా కోసం పస్తుంటే?"

"మీరు తినడానికేగా వాళ్లు పస్తున్నది! ముందు నమలండి. తర్వాత ఏడుద్దురుగాని."

వాసన వరసలు దాటుతుంటే ప్రార్థనల వేగం పెరిగింది. "భయ్యా, ఖిడ్కీ ఖోలో" అని కిటికీ పక్కనున్నాయనతో ఎవరో మూలిగారు. వెనక నుంచి ఒక పెద్దావిడ, "ప్రభువా, ఆ ముక్క అతనికి ఒంటబట్టించు! ఆ రెండో ముక్క కూడా!" అని ఎలుగెత్తింది. కళ్లు మూసుకుని ఎలా లెక్కపెట్టిందో!

చావు కోరుకున్న ప్రవక్త దగ్గరికి దేవదూత రొట్టెతో వచ్చి 'లేచి తిను' అన్న బైబిల్ భాగం నేనెన్నోసార్లు బోధించాను. నోట్లో చేప పెట్టుకున్నాకే అది నాకు బోధపడింది.

మూడు వారాలయ్యాక, చెన్నై బయల్దేరేముందు ఒక విశ్వాసి గోదాంలో, బంగాళాదుంప బస్తాలు తూచే కాటా మీద నన్ను నిలబెట్టారు. పెరిగాను. తర్వాత పాస్టరు అయ్యగారు ఎక్కారు. బాగా తగ్గారు. "మా ఒంట్లోంచి పోయిందే నీకొచ్చిందయ్యా!" అని స్తోత్రం చెప్పారు. ఆ లెక్క కాదనే ధైర్యం నాకు లేదు.

చెన్నైలో సర్జన్ గారు కూడా తూచి, "రేపు ఉదయం చేద్దాం" అన్నారు. అయ్యగారికి ఫోన్ చేశాను. చాలాసేపు హల్లెలూయలయ్యాక ఆయన మెల్లగా, "అయితే బాబూ, ఇక మేం తినొచ్చా?" అన్నారు.

మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "తినండి అయ్యగారూ! రేపు కోసేదాకా ఈయన్ని మంచినీళ్లు కూడా ముట్టొద్దన్నారు. ఇప్పుడు పస్తు ఈయనది."

మర్నాడు ఆపరేషన్ బల్ల మీద ఆకలితో కడుపు నకనకలాడింది. హాడోలో అందరూ నా కోసం తింటున్నారని తెలుసు. ధైర్యంగానే కళ్లు మూసుకున్నాను.