అతుకు లేని నాదం

అక్క మాత్రలు మానేసిన సంగతి పాకాల స్టేషన్లోనే తెలిసింది. నేను బండి దిగి సంచి భుజానికి తగిలించుకునేలోపే బావ చెప్పేశాడు. ఊపిరితిత్తుల జబ్బుకు ఏడాదికి పైగా మందు మింగాలని చిత్తూరు డాక్టరు అన్నాడు. అక్క అందులో సగం కూడా మింగలేదు. ఊరి బయట కొత్తగా ఒక ఆశ్రమం వెలిసింది. అక్కడ గోడలోంచి పొద్దున మొదలైన నాదం సాయంత్రం దాకా ఆగదట. దాని ముందు కూర్చుంటే దగ్గు తగ్గుతోందట. దగ్గు తగ్గించింది అప్పటిదాకా మింగిన మాత్రలు. పేరు మాత్రం గోడకు వచ్చింది.

తిరుపతి నాస్తిక సభల్లో మైకు ముందు అరిచే అలవాటు నాది. ఆ అరుపే అక్క ఇంట్లోనూ అరిచాను.

"గోడలో టేప్ రికార్డరు పెట్టుంటారక్కా."

"టేపయితే అయిపోయినప్పుడు నిలబడిపోవల్ల గదరా? అది నిలబడదు. యాడా తెగదు. ఒకసారి వచ్చి విను."

"ఆ గడప నేను తొక్కను. తొక్కితే, నాస్తికుడు కూడా వచ్చి మొక్కినాడని తెల్లారేసరికి చాటింపు వేస్తారు."

"తొక్కబాక నాయనా. తొక్కకుండానే నీకు అన్నీ తెలుసు గదా."

తిరుగు బండిలో కుదురుగా కూర్చోలేకపోయాను. ఆగని శబ్దాన్ని అక్క కళ్ళముందే చేసి చూపించాలి. అంతకంటే పెద్ద రుజువు నాకు తోచలేదు. టేపు ముక్క రెండు కొసలూ అతికించి కంకణంలా చేస్తే, అది యంత్రంలో ఎంతసేపైనా తిరుగుతూనే ఉంటుంది. మిత్రుడి దగ్గర పెద్ద చక్రాల రికార్డరు ఉంది. ఇక కావలసింది శబ్దం. హార్మోనియం అయితే అక్క భజన పెట్టె అని ఇట్టే పట్టేస్తుంది. ఆమె ఎన్నడూ విననిది పియానో. చిత్తూరులో ఒక క్రైస్తవ పాఠశాలలో పియానో ఉందని, దాన్ని నేర్పే టీచరమ్మ ఇంకా వస్తోందని విన్నాను.

"దేవుడు లేడంటావు. మా దేవుని పియానో మాత్రం కావల్లనా అప్పా?" అందామె నేను వచ్చిన పని చెప్పగానే.

"వాయించేది మనిషే కదా టీచరమ్మా."

"మాటకు తక్కువ లేదు. సరే, ఏ మెట్టు నొక్కమంటావు?"

ఎడమ చివర ఒక లోతైన మెట్టు నొక్కి, కాలితో పెడల్ తొక్కిపట్టింది. గది నిండా మోగింది. అదంతా టేపు మీదికి ఎక్కించి, బ్లేడుతో అడ్డంగా కోసి, కొసలు అతికించి తిప్పాను. నాదం, టక్. నాదం, టక్. అతుకు వచ్చిన ప్రతిసారీ ఎవరో తలుపు తట్టినట్టు వినిపించింది.

టీచరమ్మ నవ్వింది. "నీ నాదానికి నత్తి ఉండాదే!"

దెబ్బ పడగానే పెద్దగా లేచి, పోనుపోను సన్నబడడం పియానో స్వభావం. సన్నబడిన కొస వచ్చి మొదటి దెబ్బకు గుద్దుకుంటోంది. ఆ కంకణాన్ని చుట్టి సంచిలో పడేశాను.

తర్వాత వరుసగా ఆదివారాలు చిత్తూరు వెళ్ళాను. దారిలో పాకాలలో బండి ఆగినప్పుడల్లా బావ కిటికీ దగ్గరికి వచ్చేవాడు. దగ్గు మళ్ళీ మొదలైందని ఒకసారి చెప్పాడు. తర్వాతి సారి గుడ్డలో ఎర్రమరక చూశానన్నాడు. నా చేతుల్లో బ్లేడు ఇంకా తొందరపడేది, తొందరలో టేపు పాడయ్యేది. మొదటి దెబ్బను కోసి తీసేశాం. అయినా అతుకు దగ్గర శబ్దం ఎగిరిపడుతూనే ఉంది. ఆఖరికి టీచరమ్మ కళ్ళు మూసుకుని వింటూ చేత్తో గాలిలో అలలు గీసింది.

"ఇను. సద్దు ఊగతా ఉండాది గదా, ఉయ్యాల మాదిరి. ఊపు పైకి లేసే చోటనే రెండు కొసలూ కలపల్ల. నువ్వు యాడంటే ఆడ కోస్తే ఎట్లా?"

హోరు తగ్గి శబ్దం కాస్త నిలకడగా సాగే చోటు ఎంచుకుని, ఊపు లేచే రెండు చోట్ల ఏటవాలుగా కోసి కలిపాను. తిప్పితే అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు. గెలిచాననుకుని, రికార్డరు మోసుకుంటూ తిరుగు బండిలో వచ్చి పాకాలలో దిగిపోయాను.

అక్క చిక్కిపోయి గోడకు ఆనుకుని కూర్చుంది. టేపు కంకణం బిగువుగా తిరగడానికి యంత్రానికి ఎదురుగా ఏదైనా నిలబెట్టాలి. గూట్లో మూత తీయని మాత్రల సీసా ఉంటే, దాన్నే తెచ్చి నిలబెట్టాను. అక్క చాలాసేపు వింది.

"బాగుండాది. అయితే ఇది అది కాదురా."

"యాడన్నా తెగిందా?"

"తెగలేదు. అదే చెప్తా ఉండా. ఆడ మద్దెమద్దెలో టక్ అని కొట్టుకుంటాది. సామి గుండె అంటారు దాన్ని. ఆ గుండెతో పాటు నేను ఊపిరి పీలుస్తా, వదులుతా. నీదాంట్లో గుండె లేదు."

సంచి అడుగున వెతికి, నలిగిపోయిన మొదటి కంకణం తీసి ఎక్కించాను. నాదం, టక్. నాదం, టక్. అక్క కళ్ళు మూసుకుంది. రొమ్ము దానికి తగ్గట్టు పైకి లేచింది, దిగింది. మళ్ళీ లేచింది. తన ఊపిరి దాని వెంట పోతోందని తనకే తెలిసినట్టుంది, కళ్ళు తెరిచింది. సీసా చుట్టూ తిరిగే టేపు మీద, కొసలు కలిపి అతికించిన తెల్లకాగితం ముక్కను చూసింది. అది యంత్రంలోకి వెళ్ళిన ప్రతిసారీ టక్‌మంది. కళ్ళతో దాన్నే వెంబడించింది.

"ఇది ఎవురు చేసినారు?"

"నేనే. సరిగ్గా అతకలేదని పక్కన పడేసినాను."

"అంటే వాళ్ళకీ సరిగ్గా అతకలేదు." ఆ మాట మెల్లగా అని, వెంటనే నా మీద విరుచుకుపడింది. "ఒక్కసారి వచ్చి వినింటే ఈ నత్తిదే తెచ్చిందువు గదరా! ఇన్ని వారాలు నున్నగా చేసేదానికి యాడికి పోయినావు?"

దగ్గు తెర కమ్మింది. తెరిపి పడ్డాక చెయ్యి చాపి సీసా లాగేసుకుంది. టేపు సడలి నేల మీద పడింది, శబ్దం ఆగిపోయింది.

"ఇవి మళ్ళా మింగితే పన్జేస్తాయా?"

మధ్యలో ఆపిన మందు తిరిగి పనిచేస్తుందో లేదో డాక్టరే చెప్పాలి. బావ అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"ఆ సీసా కూడా తీసుకో అక్కా," అన్నాను. "చిత్తూరు బండి వచ్చే టైమయింది."