నీరజ అంటించిన పువ్వులు

బోసిగా ఉన్న వస్తువేదైనా నీరజ కంటబడితే దాని పని అయిపోయినట్టే. మైదా ముద్దలా మెత్తగా ఉండే పాలిమర్ క్లేని చపాతీలా ఒత్తుతుంది. జిగురు సిరా పూసిన అచ్చు నొక్కి, పైన ఎంబాసింగ్ పౌడర్ చల్లి, కేకుల ఓవెన్‌లో పెడుతుంది. ముద్ద గట్టిపడుతుంది, పొడి కరిగి గీతలన్నీ ఉబ్బెత్తుగా మెరుస్తాయి. ఆ బిళ్లను ఎక్కడో ఒకచోట అంటించేదాకా ఆమెకు అన్నం సహించదు.

కట్టుకున్న పాపానికి ఇదంతా భరిస్తున్నవాడు సుధాకర్. కోదాడలో కాపురం, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. అతని హెల్మెట్ మీద నెమలి, టిఫిన్ డబ్బా మీద రెండు చేపలు. ఆఖరికి షేవింగ్ బ్రష్‌కు కూడా ఒక ఆకు మొలిచింది.

"బ్రష్ ఏం పాపం చేసింది?"

"బోసిగా ఉందండీ."

"నేను గూడ బోసిగనే ఉన్న గదా."

ఆమె అతని బట్టతల వైపు ఆలోచనగా చూసింది. సుధాకర్ తువ్వాలు కప్పుకుని బయటికి నడిచాడు.

ఒకసారి ఉక్కపోతకు తాళలేక, ఆమె బంగారు రంగు పొడి చల్లుతుండగా ఫ్యాన్ వేశాడు. పొడంతా గాలిలోకి లేచింది. ఆమె పొడి కోసం లబలబలాడిందే గానీ మొగుడి కోసం కాదు. అతను తల దులుపుకుని డ్యూటీకి పోయాడు. ఫ్యాక్టరీలో అందరూ బూడిద రంగులో ఉంటే తనొక్కడూ సాయంత్రం దాకా మెరుస్తూనే ఉన్నాడు. సూపర్‌వైజర్ లాజరు రెండుసార్లు వచ్చి చూసి, "ఇంట్ల ఏమన్న ఫంక్షనా?" అని అడిగాడు.

సూర్యాపేటలో చెల్లెలి గృహప్రవేశానికి పోయి నీరజ స్విచ్‌బోర్డులకు చిలకలు అంటించింది. మిర్యాలగూడ బస్సులో ముందు సీటు చూసి సంచిలో చెయ్యి పెట్టబోతే, దిగేదాకా సుధాకర్ ఆ చెయ్యి వదల్లేదు. చూసినవాళ్లు ఎంత అన్యోన్యమో అనుకున్నారు.

ఇంతలో ఈ పిచ్చి కింది వాటాలో ఒంటరిగా ఉండే ఓనరు రాధమ్మ జోలికి పోయింది. నల్లాకు చేప, గేటు గడియకు ఆకు, మెట్ల రెయిలింగు చివర పువ్వు. ఒకరోజు రాధమ్మ పైకి చూసి గట్టిగా చెప్పింది.

"ఇది ఇల్లా, జాతరల దుకాణమా? ఆదివారం దాకా సూస్త. అన్నీ పీకుండ్రి, లేకుంటే ఖాళీ జేయుండ్రి."

సుధాకర్‌కు అద్దె ఇళ్ల వేట కళ్ల ముందు కనబడింది. ఫ్యాక్టరీ బస్సు గుమ్మం ముందే ఆగే ఇల్లు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

"పీకేస్తే పోతది గదా నీరజా."

"ఆవిడ తియ్యమన్నా తియ్యకూడదండీ," అంది నీరజ. ఎందుకో మాత్రం చెప్పలేదు.

ఆదివారం పొద్దున ఆమె బజారుకు పోయిన సమయం చూసి, సుధాకర్ స్క్రూడ్రైవర్‌తో రెయిలింగు చివరి పువ్వు ఊడదీశాడు. అప్పుడే రాధమ్మ డాబా మీద మిరపకాయలు ఆరబోసి దిగుతోంది. ఆమె చెయ్యి రెయిలింగు చివరిదాకా జారి అక్కడ ఏదో తడుముకుంది. ఇంకో మెట్టుందనుకుని వేసిన అడుగు తడబడింది. సుధాకర్ పట్టుకోకపోతే పడిపోయేదే.

"ఎవలు?" అంది, అతని మొహంలోకే చూస్తూ.

"నేను, సుధాకర్‌ను. కండ్లు కనవడ్తలేవా పెద్దమ్మా?"

"మెల్లగ మాట్లాడు," అని కసిరింది రాధమ్మ. "షుగర్ తోని మసకైనయ్. డాక్టరు ఇగ గింతే అన్నడు. కొడుక్కు తెలిస్తే మిర్యాలగూడ తీస్కపోయి ఒక అర్రల కూసోవెడ్తడు. నా ఇల్లు ఇడిసి నేను పోను."

"మరి పీకమంటివి?"

"పక్కింటి ఈదమ్మకు అనుమానమొచ్చింది. గా బిళ్లలు నీకోసమేనా అని అడిగింది."

కూరగాయల సంచితో గేటు తీసుకుని వచ్చిన నీరజ అంతా విన్నది.

"నాకు ఆర్నెల్ల కిందే తెలుసండీ. ఈవిడ మెట్లకే అంటిస్తే ఈవిడ సంగతి బయటపడుతుంది. అన్నిటికీ అంటిస్తే నా పిచ్చి అనుకుంటారు. అనుకోనీండి."

సుధాకర్‌కు పెళ్లాం మీద కోపం, గర్వం ఒక్కసారే వచ్చాయి. ఈ మాట ముందే చెబితే ఆమె సొమ్మేం పోయేది? జిగురు తెచ్చి పువ్వును తానే అంటించాడు. గోడ మీంచి ఈదమ్మ తొంగిచూసింది.

"ఏందయ్యా, నువ్వు గూడ మొదలువెట్టినవా?"

"ఏం జేయాలె ఈదమ్మా, నాగ్గూడ పట్టింది."

"పిచ్చి సంసారం నాకే దొరికింది," అని రాధమ్మ ఈదమ్మకు వినబడేట్టు తిట్టింది. తర్వాత నీరజ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "నా గ్యాస్ పొయ్యి తిప్పేకాడ గూడ ఒకటి అంటియ్యి బిడ్డా. బంగారు రంగుదే కావాలె. ఎర్రది సూడ బాగుండదు."

సుధాకర్ నెత్తి కొట్టుకుని, ఓవెన్ వేడిచెయ్యడానికి మెట్లెక్కాడు.