తోడల్లుడి ఇంజను

నీటి రంగు చూసి చేప జాడ చెప్పగలడని మంచినీళ్లపేటలో తాతారావుకు పేరు. ఆ పేరు విని ఎర్రయ్య తన పెద్ద కూతురు కాసులమ్మను ఇచ్చి చేశాడు. కొన్నేళ్లకు చిన్న కూతురు నూకమ్మను ఢిల్లేశ్వరరావుకు ఇచ్చాడు. తాతారావుకు కడుపుమంట ఆ పెళ్లి పందిట్లోనే మొదలైంది. వచ్చిన చుట్టాలందరికీ మామ చిన్నల్లుణ్ణి పక్కన పెట్టుకుని మరీ చూపించాడు. తన పెళ్లినాడు ఆయన వలలు ఆరేసుకుంటూ కూర్చున్నాడు.

తోడల్లుళ్లిద్దరూ లోపల డీజిల్ ఇంజన్లున్న ఫైబర్ బోట్లు కొనుక్కున్నారు. కొన్నాళ్లు ఇద్దరివీ సమానంగానే నడిచాయి. 2003లో ఢిల్లేశ్వరరావు బాగా నడుస్తున్న ఇంజన్ని తీసేసి అంతకన్నా పెద్దది బిగించాడు. పాతదాన్ని పెరట్లో జీడిచెట్టు కింద తాటాకులు కప్పి ఉంచాడు. ఎర్రయ్య రోజూ ఒడ్డున నిలబడి చిన్నల్లుడి బోటు అలను చీల్చుకుంటూ వెళ్లడం చూసేవాడు. ఆయన్ని చూస్తూ తాతారావు పళ్లు కొరికేవాడు.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం ఇద్దరూ వేటనుంచి తిరిగొస్తున్నారు. ఢిల్లేశ్వరరావు తన బోటులో పక్కనుంచి దాటిపోతూ చెయ్యి ఊపడమే చాలు, తాతారావు ఇంజన్ని చివరికంటా లాగాడు. కాసేపటికి బోటులో పనిచేసే కళాసీ కేకేశాడు.

"మావా, గొట్టంలోంచి నీళ్లు రాట్లేదు. నాచు అడ్డం పడ్డట్టుంది. తగ్గించు!"

ఇంజన్ని చల్లబరిచే నీళ్లు ఆగిపోతే ఏమవుతుందో తాతారావుకు తెలియనిది కాదు.

"ఆడి ముందర తగ్గించమంటావేట్రా?" అన్నాడు.

ఇంకొంచెం దూరం పోయారో లేదో, లోపల ఏదో ఫెళ్లుమంది. నల్లటి పొగ కమ్మేసింది. బోటు నీళ్లమీద ఊరికే ఊగుతూ నిలబడిపోయింది. తాడు విసిరి ఒడ్డుదాకా లాక్కొచ్చింది ఢిల్లేశ్వరరావే. ఒడ్డున ఎర్రయ్య కూడా ఉన్నాడు. చిన్నల్లుడి బోటు తాడు అందుకున్నాడు. అదే తాతారావును ఎక్కువ కోసింది.

పలాసనుంచి మెకానిక్కు దేవదానం వచ్చి ఇంజను విప్పాడు. పిస్టన్లు పట్టేశాయి, బ్లాకు నిలువునా పగిలింది.

"బాగుసేసినా నిలవదు. మార్చాల్సిందే," అన్నాడు.

తాతారావు టెక్కలి తిరిగాడు, ఇచ్ఛాపురం తిరిగాడు, విశాఖపట్నం కూడా వెళ్లొచ్చాడు. ఒకచోట దొరికిన ఇంజను ఎదురు దిక్కుకు తిరిగేది. పెడితే బోటు వెనక్కి పోతుంది. ఇంకోచోట దొరికినదాని కాళ్లు బోటులోని దిమ్మలమీద కూర్చోవు. మూడోది మరీ బలమైనది, ఈ బోటు దాని అదురుకు ఆగదు. చివరికి దేవదానం అసలు సంగతి చెప్పాడు.

"బావా, నీ బోటుకి సరిగ్గా సరిపోయేది ఊళ్లోనే ఉంది. మీ తోడల్లుడు తీసేసిందే. అదే బలం, అదే తిరుగుడు. దిమ్మలు కూడా కదపక్కర్లేదు."

"అది తప్ప ఇంకేదైనా సెప్పు."

"ఇంకేదీ నేదు."

బోటు ఇసకలోనే ఉండిపోయింది. కాసులమ్మ చెల్లెలి బోటు చేపలే గంపకెత్తుకుని కాశీబుగ్గలో అమ్మి రావడం మొదలుపెట్టింది. ఒకరోజు గంప దించి మొగుడి ఎదురుగా నిలబడింది.

"ఏటయ్యా, ఇంకెన్నాళ్లు? ఆల్ల సేపలు మొయ్యడానికి నాకు సిగ్గునేదు గానీ, ఆల్ల ఇంజను ఎత్తుకోడానికి నీకు సిగ్గొచ్చిందేటి?"

ఆ సాయంత్రమే తాతారావు వెళ్లాడు. ఢిల్లేశ్వరరావు పెరట్లో వల అతుకుతున్నాడు. తాతారావు చూపు జీడిచెట్టు కిందికి పోయింది.

"తీసుకెల్లన్నా," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "నానే తెచ్చిత్తే నీకు కోపమొత్తాదని ఊరుకున్నాను."

"ఊరికే వద్దు. నా కొత్త వల ఇత్తాను."

"సరే." వలలోంచి తల ఎత్తకుండానే మళ్లీ అన్నాడు. "పెద్ద ఇంజను ఎందుకేసినానో తెల్సా? నీకు సేప కనబడతాది, నాకు కనబడదు. నువ్వు వలేసే సోటికి నీకన్నా ముందు సేరాలని."

తాతారావు కడుపుమంట కాస్త చల్లారింది. వీడు కూడా తనను చూసి కుళ్లుకుంటున్నాడన్నమాట! ఆ సంతోషం ఇంటిదాకా వచ్చింది. గుమ్మం దాటేసరికి ఇంకో ఆలోచన తగిలింది. ఆ మాట నిజమేనా, తనను ఊరడించడానికి అన్నాడా?

దేవదానం ఆదివారం చర్చికెళ్లొచ్చి పని మొదలుపెట్టాడు. నలుగురు కర్రలు వేసి మోసి ఇంజన్ని బోటులోకి దింపారు. దాన్నీ, పంకా తిప్పే ఇనపకడ్డీనీ ఒకే వరుసకు తేవడానికి కాళ్లకింద పల్చటి రేకులు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. బోటుని నీళ్లలోకి తోసి తిప్పగానే ఇంజను అందుకుంది. అదురు లేదు, పొగ లేదు. కాసులమ్మ కళ్లు తుడుచుకుంది. తాతారావు ముందుగా గొట్టంలోంచి నీళ్లు వస్తున్నాయా అని చూశాడు.

మొదటి వేటలోనే వంజరాలు బాగా పడ్డాయి. తిరిగొచ్చేసరికి ఎర్రయ్య నీళ్లదాకా వచ్చి నిలబడ్డాడు. ఈమధ్యే చూపు మందగించిన మనిషి, పాత ఇంజను శబ్దాన్నిబట్టి చిన్నల్లుడే అనుకుని వచ్చాడు.

"ఢిల్లేసా, ఏటి పడ్డాయిరా?"

తాతారావు నోరు చేదైపోయింది.

"నాను మావా, తాతారావుని."

"ఓహో, నువ్వా!" అన్నాడాయన. ఒక వంజరం చేతిలో పెడితే తీసుకుని, బాగుందని తల ఊపి వెళ్లాడు.

మర్నాడే తాతారావు పలాస వెళ్లి, ఇంజను శబ్దం మార్చమని దేవదానాన్ని అడిగాడు. అతను పగలబడి నవ్వి, టీ తాగించి పంపించాడు.

ఇంజను మాత్రం ఏళ్లతరబడి మొరాయించకుండా నడిచింది. ఈలోపు, పెద్ద ఇంజను డీజిల్ తెగ తాగుతోందని ఢిల్లేశ్వరరావు దాన్ని అమ్మేసి, చిన్నది, సరికొత్తది తెచ్చుకున్నాడు. తాతారావు పొద్దున్నే వెళ్లి దానిచుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, బాగుందని మెచ్చుకుని ఇంటికొచ్చాడు. ఆ పూట అన్నం సగంలోనే వదిలేశాడు.